కత్తిపీట గొల్యాతు

మా బావ ఎలీయాజరుకి గొల్యాతు వేషం వెయ్యాలని పిచ్చి. టికియాపారా తెలుగు చర్చిలో ప్రతి క్రిస్మస్‌కీ దావీదు నాటకం వేస్తాం. గొల్యాతు ఎప్పుడూ క్రేను నడిపే త్యాగరాజే. మనిషి తాడిచెట్టంత ఉంటాడు మరి. బావ ఏళ్ల తరబడి దావీదు మందలో గొర్రెగా మే మే అని అరిచి, ఇంటికొచ్చి అన్నం సరిగా తినేవాడు కాదు.

ఎనభై ఆరులో సంఘ పెద్ద దయారత్నం గారికి విసుగొచ్చింది. "అట్టకత్తి చూసి జనం నవ్వుతున్నారు. ఈసారి నిజం కత్తి ఎవరు తెస్తే వాళ్లే గొల్యాతు" అన్నారు.

మర్నాడు బావ షాలిమార్ రైల్వే యార్డులో డ్యూటీ దిగి, లాంచీలో గంగ దాటి, ఏదో పాత సామాన్ల కొట్టు నుంచి పొడుగాటి మూట ఒకటి చంకన పెట్టుకొచ్చాడు.

"కొసాకుల కత్తి!" అన్నాడు, దాంతో తనే యుద్ధం చేసొచ్చినట్టు. "రష్యాలో గుర్రాల మీద తిరిగే ఈరులు. దీన్ని షాష్కా అంటారంట. అక్కడి కొండోళ్ల దగ్గర నేర్సుకున్నారంట."

కత్తికి కొద్దిగా వంపుంది. పిడి చివర డేగ ముక్కులా వంగి, నడుమ చీలి ఉంది. ఒరలో పెడితే పిడి కూడా చాలావరకు లోపలికే దిగిపోతోంది.

మా అక్క రోజమ్మ మూతి విరిచింది. "ఇదేటి కత్తి? సెయ్యి తెగకుండా అడ్డే నేదు. పదునేటి, ఆకాశంకేసి సూత్తంది?"

"అదేనే దీని గొప్ప! పదును పైకుండేలా నడుంకి ఏలాడదీత్తారు. దూసిన ఊపుతోనే నరికెయ్యొచ్చు. మళ్లీ సెయ్యెత్తక్కర్నేదు. కొట్టు దాదా సెప్పినాడు."

కొసాకులూ, కొండవాళ్లూ అక్క బుర్రలో నిలవలేదు. పదును పైకి అన్నది ఒక్కటే నిలిచింది. ఆవిడకి తెలిసిన పదును పైకుండే కత్తి ఈ లోకంలో ఒక్కటే.

క్రిస్మస్ రోజు ప్రేమవిందుకి బస్తాల కొద్దీ గుమ్మడికాయలూ, గంపెడు రోహు చేపలూ దిగాయి. చర్చి కత్తిపీట చూస్తే మొద్దుబారిపోయింది. బావ ఇంకా డ్యూటీలో ఉన్నాడు. అక్క ఫిట్టర్ పెద్దిరాజుని పిలిచి, కొసాకుల కత్తిని పెద్ద పీటకి బోల్టులతో బిగింపించేసింది. చేపలు వెన్నలా తెగుతుంటే ఆడవాళ్లు అక్కని ఆకాశానికెత్తేశారు.

సాయంత్రం బావ వచ్చి చూసి నీరుకారిపోయాడు. స్పానర్లు మార్చి మార్చి తిప్పాడు. పెద్దిరాజు బిగించిన బోల్టు, మీదనుంచి గూడ్సుబండి పోయినా కదలదు. అటు త్యాగరాజు అప్పుడే గొల్యాతు టోపీ పెట్టేసుకుని ఇకిలిస్తున్నాడు. బావ కళ్లనిండా నీళ్లు. నాకు నిజంగా జాలేసింది.

"ఆయన సరదా సంపేసినానే, విజియా" అని అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

పొట్టిదాన్నని దావీదు వేషం నాకిచ్చారు. త్యాగరాజు ఇకిలింపు చూసి నాకు ఒళ్లు మండింది. "కత్తి తెమ్మన్నారు, తెచ్చినావు. పీట ఒద్దని ఎవులన్నారు? ఎత్తు బావా!" అన్నాను.

త్యాగరాజు టోపీ లాగి బావ నెత్తిన పెట్టాను. బావ పీటతో సహా కత్తిని భుజానికెత్తుకుని స్టేజి ఎక్కాడు. చర్చి చర్చంతా గొల్లుమంది. ఆ నవ్వుకి బావకి కోపం నషాళానికంటి, ఒక్క గర్జన గర్జించాడు. ముందు వరస పిల్లలు తల్లుల వెనక్కి పోయారు. త్యాగరాజు ఏనాడూ అలా గర్జించలేదు.

నేను ఒడిసెల తిప్పాను. బావ దబ్బున పడ్డాడు. ఇక గొల్యాతు కత్తితోనే గొల్యాతు తల తియ్యాలి. తల అంటే తలపాగా చుట్టిన గుమ్మడికాయ. పీట కింద పెట్టానో లేదో, అలవాటు ఊరుకోదుగా, ఒక మోకాలు పైకి పెట్టి కూర్చుని, పీటని కాలితో అదిమి, కాయని రెండు చేతులా పట్టుకుని ఒక్క తోపు తోశాను. రెండు చెక్కలైంది. గింజలు కూడా తియ్యబోయి ఆగాను.

చప్పట్లకి చచ్చిన గొల్యాతు లేచి దణ్ణాలు పెట్టాడు. "పడుకోవయ్యా, చచ్చిపోయావు!" అని దయారత్నం గారు నవ్వాపుకోలేక అరిచారు.

మరుసటేడు త్యాగరాజు జాత్రా నాటకాల కంపెనీ వాళ్ల తళతళలాడే కత్తి తెచ్చాడు. "మాకు కత్తిపీట గొల్యాతే కావాల" అని ఆడవాళ్లంతా లేచారు. అప్పట్నుంచీ వేషం బావదే.

ఏడాది పొడుగునా కొసాకుల కత్తి మా ఇంట్లో చేపలు కోస్తుంది. క్రిస్మస్ ముందురోజు మాత్రం అక్క దాన్ని పొలుసు లేకుండా బూడిదతో తోమి, దగ్గరికెవరైనా వస్తే కసురుతుంది.

"ముట్టకండి! మా ఆయన కత్తది."