గ్రేట్ బ్రిటన్ పాఠం, గురువారం మూడో పీరియడ్

సాయిరకుల్ అక్క ముప్పైయొక్క ఏళ్ళుగా ఇంగ్లీషు క్లాసులో గ్రేట్ బ్రిటన్ చెబుతోంది. కిర్గిజ్ కొండల్లోని కారా-బులున్ ఊళ్ళో తల్లులకు నేర్పింది, వాళ్ళ పిల్లలకూ నేర్పుతోంది. ఆ ఊరి గొర్రెల కాపరిని నిద్రలో లేపి అడిగినా సరే, "గ్రేట్ బ్రిటన్ ఐరోపా ఖండానికి వాయవ్యాన దీవుల మీద ఉంది" అని ఇంగ్లీషులో గడగడా అప్పజెబుతాడు. అయితే మధ్యలో ఆపకూడదు. ఆపారో, మళ్ళీ "గ్రేట్ బ్రిటన్" దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు. సగంలోంచి మొదలెట్టడం ఆ ఊళ్ళో ఎవరికీ రాదు.

దాన్ని టాపిక్కు అంటారు. నలభై రెండు వాక్యాలు. నదులు, కొండలు, నాలుగు భాగాలు, వాటి రాజధానులు, తర్వాత రాణి, పార్లమెంటు, ప్రధానమంత్రి. సాయిరకుల్ అక్క కాలేజీలో చదివే రోజుల్లో వాళ్ళ మేడమ్ నేర్పింది. ఆ మేడమ్ కూడా ఇంకో మేడమ్ దగ్గర నేర్చుకున్నదే. వీళ్ళెవరూ ఇంగ్లీషు మనిషిని కళ్ళతో చూసినవాళ్ళు కాదు. ఆ రోజుల్లో చూడ్డానికి దారీ లేదు, అవసరమూ రాలేదు. బళ్ళో ఒక టేపు రికార్డరు ఉండేది గాని అది చెడిపోయి ఇరవయ్యేళ్ళయింది.

ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, ఊళ్ళో పిల్లలు తగ్గిపోయారు. సగం ఇళ్ళవాళ్ళు పనులు వెతుక్కుంటూ రష్యా పోయారు. బడికి ఇద్దరు ఇంగ్లీషు టీచర్లు అక్కర్లేదు, ఒక్కరు చాలన్నారు. రెండో టీచరు బెగిమాయ్, ఇరవై ఆరేళ్ళ పిల్ల, సాయిరకుల్ అక్క చేతికింద చదువుకున్నదే. గురువారం మూడో పీరియడ్‌లో జిల్లా ఇన్‌స్పెక్టరు వచ్చి సాయిరకుల్ అక్క పాఠం చూస్తాడు. నచ్చితే ఆవిడ ఉంటుంది. నచ్చకపోతే బెగిమాయ్ ఉంటుంది, సాయిరకుల్ అక్క హాస్టల్ పిల్లల దుప్పట్లు చూసుకునే పనికి పోవాలి. వయసుకు గౌరవమిచ్చి ముందు ఆవిడ పాఠమే చూస్తామన్నారు. బెగిమాయ్ మాత్రం, "మా అక్కకి పరీక్ష పెడుతుంటే నేను కూర్చుని చూడలేను" అని ఆ రోజు సెలవు పెట్టేసింది.

పైవాళ్ళు చూసే పాఠానికి అక్కడో పద్ధతుంది. వారం ముందునుంచీ రిహార్సల్ జరుగుతుంది. ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో, ఏ వాక్యం దగ్గర కూర్చోవాలో అంతా ముందే ఖాయం. టీచరు ప్రశ్న వేయగానే క్లాసు క్లాసంతా చెయ్యెత్తాలి. జవాబు వచ్చినవాళ్ళు కుడిచెయ్యి, రానివాళ్ళు ఎడమచెయ్యి. వెనకాల కూర్చున్న పెద్దలకు చేతుల అడవి కనిపిస్తుంది. టీచరు కుడిచేతుల్లోంచి ఒకర్ని లేపుతుంది. ఈ కిటుకు ఇన్‌స్పెక్టరుకు తెలీదా అంటే తెలుసు. ఆయనా చిన్నప్పుడు ఎడమచెయ్యి ఎత్తినవాడే.

బుధవారం ఆఖరి రిహార్సల్.

"కుర్మాన్, రాణి గురించి చెప్పు."

"రాణి సింహాసనం మీద ఉంటుంది గాని పాలించదు," అని ఇంగ్లీషులో అప్పజెప్పి, కుర్మాన్ కూర్చోకుండా సొంత భాషలో అడిగాడు. "అక్కా, పాలించకపోతే పొద్దున్నే లేచి ఏం చేస్తుందక్కా?"

"ముందు పెట్టిన కాయితాల మీద సంతకాలు చేస్తుంది. కూర్చో."

"అంటే మన బడి డైరెక్టరుగారి లాగానా?"

క్లాసంతా గొల్లుమంది. సాయిరకుల్ అక్క బెత్తంతో మ్యాపు మీద ఒక్కటి కొట్టింది. దెబ్బ స్కాట్లండుకు తగిలింది.

"నీ పళ్ళికిలింపులు రేపు చూపించావంటే చెవి మెలేసి చేతిలో పెడతా. నుర్పేరీ, నువ్వు లే. నదులు."

కిటికీ పక్క బెంచీలో నుర్పేరి లేచింది. పదిహేనేళ్ళ పిల్ల, మాటలు తక్కువ. "థేమ్స్... సెవెర్న్..." అని ఆగిపోయింది.

"తర్వాత?"

"తెలుసక్కా, కానీ ఈ వరసలో రావట్లేదు."

"వరసలో రాకపోతే రానట్టే. నోట్లో ఎండుపెరుగు ఉండ పెట్టుకున్నావా ఏంటే? మూడేళ్ళనుంచీ నీకు రెండు మార్కులు దాటలేదు. అయిదుకి రెండు! రాత్రీ పగలూ ఆ ఫోన్లో తెల్లవాళ్ళ సినిమాలు చూస్తుంటే ఇంకేం వస్తుంది? రేపు నువ్వు ఎడమచెయ్యి. పొరపాటున కూడా కుడిది లేపకు, తెలిసిందా?"

"అలాగేనక్కా," అంది నుర్పేరి.

గురువారం ఇన్‌స్పెక్టరు సోరోన్‌బెక్ ఒంటరిగా రాలేదు. ఆయనది వ్యాయామం టీచరు చదువు, ఇంగ్లీషులో గుడ్‌బై తప్ప ఇంకో ముక్క రాదు. అందుకని గుర్రాల మీద కొండలు చూడ్డానికి వచ్చి వాళ్ళ వదినగారింట్లో దిగిన ఒక తెల్లావిణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

"నిజం ఇంగ్లీషావిడ, డైరెక్టరుగారూ!" అన్నాడు జీపు దిగుతూనే. "రెండ్రోజులుగా మా వదిన నూనెలో వేయించిన బోర్సోకు రొట్టెలు తింటోంది. ఆ మాత్రం సాయం చెయ్యదా? చివర్లో పుస్తకంలో నాలుగు ముక్కలు రాసిపెడితే చాలు. అదే మన రిపోర్టు."

ఆవిడ పేరు గ్వెండా. అరవై దాటిన మనిషి, మట్టి బూట్లు, నవ్వు ముఖం. సాయిరకుల్ అక్క ఆవిణ్ణి చూసి గుమ్మంలో నిలబడిపోయింది. ముప్పైయొక్క ఏళ్ళు ఏ దేశం గురించి చెప్పిందో ఆ దేశం మనిషి కాళ్ళమీద నడిచి క్లాసులోకి వచ్చింది. సంతోషం కలిగింది, కాదనలేం. దాని వెనకే భయం పుట్టింది.

పాఠం మొదలైంది. మొదటి ఇరవై నిమిషాలు వెన్నలా సాగాయి. ప్రశ్న వేయగానే ముప్పై చేతులు లేచాయి. కుడిచేతుల పిల్లలు నదులు చెప్పారు, కొండలు చెప్పారు, రాణి చెప్పారు. వెనక ఇన్‌స్పెక్టరు తలాడిస్తూనే ఉన్నాడు. డైరెక్టరు ఎసెన్‌బెక్ తన చిన్నప్పటి టాపిక్కును పెదాలతో తానూ చెప్పుకుంటున్నాడు. సాయిరకుల్ అక్క, "మన అతిథి ఇంగ్లండు నుంచి వచ్చారు" అని ఇంగ్లీషులో అంది. గ్వెండా నవ్వి, వేలు అటూ ఇటూ ఊపుతూ లేచొచ్చి, మ్యాపులో ఎడమవైపు ఒకచోట వేలు పెట్టింది. తనది ఇంగ్లండు కాదు, వేల్సు అని ఆవిడ చెప్పబోయింది. సాయిరకుల్ అక్క అదేదో తనకు పెట్టిన పరీక్షనుకుంది. వెన్ను నిటారుగా పెట్టి, "వేల్సు పశ్చిమాన ఉన్న కొండ ప్రాంతం. దాని రాజధాని కార్డిఫ్. అత్యంత ఎత్తయిన శిఖరం స్నోడన్" అని ఆగకుండా అప్పజెప్పింది. గ్వెండా చప్పట్లు కొట్టింది. ఇన్‌స్పెక్టరూ కొట్టాడు.

అక్కడితో గంట కొడితే బాగుండేది. గంటకు ఇంకా పది నిమిషాలుంది. గ్వెండా పిల్లలవైపు తిరిగి తనే ఏదో అడిగింది. పిల్లలకు ముక్క అర్థం కాలేదు గాని ప్రశ్న అని తెలిసింది కాబట్టి అలవాటు ప్రకారం చేతులెత్తారు. ఈసారి ముప్పై చేతులూ ఎడమచేతులే. గ్వెండాకు ఏ చెయ్యయితే ఏం? కిటికీ పక్కనున్న పిల్లను చూపించింది.

సాయిరకుల్ అక్క ఒక అడుగు ముందుకేసింది. పోయి పోయి దాన్నే లేపాలా అనుకుంది.

నుర్పేరి లేచింది. టీచరు ముఖం ఒకసారి చూసింది. తర్వాత మాట్లాడింది. ఒక వాక్యం, ఇంకో వాక్యం, మధ్యలో ఆగి వెతుక్కుని మళ్ళీ సగంలోంచే ఎత్తుకుంది. గ్వెండా ముందుకు వంగి ఇంకేదో అడిగింది. పిల్ల చేతులు తిప్పుతూ చెప్పింది. గ్వెండా పగలబడి నవ్వింది, పిల్ల కూడా నవ్వింది. మూడేళ్ళలో ఆ పిల్ల అలా నవ్వడం సాయిరకుల్ అక్క చూడలేదు. ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడి కబుర్లాడుకునే ఇరుగుపొరుగు వాళ్ళలా మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో సాయిరకుల్ అక్కకు తెలియలేదు. తను నేర్పే భాషలో, తన క్లాసులో, తన శిష్యురాలు మాట్లాడుతోంది, తనకు ఒక్క ముక్క అందడం లేదు. నీళ్ళ చప్పుడు విన్నట్టుంది, అంతే. సిగ్గుతో ఆవిడ చెవులు మండిపోయాయి.

"అబ్బో, ఏం పిల్లండీ!" అన్నాడు ఇన్‌స్పెక్టరు డైరెక్టరు చెవిలో. "అక్క భలే తయారు చేసింది."

అప్పుడు గ్వెండా సాయిరకుల్ అక్కవైపు తిరిగింది. ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, మ్యాపు చూపిస్తూ ఏదో మెత్తగా అడిగింది. చివర్లో గొంతు పైకి లేచింది. ప్రశ్నే. అందరూ అక్క నోటివైపే చూస్తున్నారు.

"అవునండీ," అంది సాయిరకుల్ అక్క ఇంగ్లీషులో, తల పైకెత్తి. "కృతజ్ఞతలు."

గ్వెండా తలూపి గుమ్మంవైపు ఎవరికోసమో చూస్తూ ఇంకో ప్రశ్న అడిగింది.

"అవునండీ. కృతజ్ఞతలు."

గ్వెండా కాస్త తికమకపడింది. "ఏమంటున్నారామె?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. తననెవరూ అడక్కుండానే నుర్పేరి కిర్గిజ్‌లో గబగబా చెప్పేసింది. "మా అక్క చాలా బాగా చెప్పిందంట. ఇంత మంచి టీచర్ని ఎక్కడా చూడలేదంట."

ఇన్‌స్పెక్టరు మళ్ళీ చప్పట్లు కొట్టాడు.

గ్వెండా నోటుపుస్తకంలో అరపేజీ రాసి గుర్రాల దగ్గరికి వెళ్ళిపోయింది. డైరెక్టరు గదిలో టీ పోశారు, రొట్టె తుంచారు. ఇన్‌స్పెక్టరు ముందు రెండు కాయితాలున్నాయి. ఒకదాని మీద సాయిరకుల్ అక్క పేరు, ఒకదాని మీద బెగిమాయ్ పేరు. ఆయన సాయిరకుల్ అక్క పేరున్న కాయితం పైకి తీసి కలం మూత విప్పాడు.

"ఇంకేముందక్కా, అయిపోయినట్టే. ఆవిడ రాసిన ఆ నాలుగు ముక్కలు కూడా చదివి మన భాషలో చెప్పండి, రాసుకుంటాను. ఇక్కడ ఇంగ్లీషు చదవగలిగింది మీరొక్కరేగా."

సాయిరకుల్ అక్క కళ్ళజోడు పెట్టుకుంది. చదవడం ఆవిడకు వచ్చు. ఎవరేమనుకున్నా అది వచ్చు. నిఘంటువు పక్కన పెట్టుకుని యవ్వనమంతా చదివింది. అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా ఉన్నాయి. మొదటి వరస నుంచే అర్థమైపోయింది. చెవికి అందని మనిషి కాయితం మీద ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. ఒక ఇంగ్లీషు మనిషి తన గురించి తనకు చెబుతోంది, అడ్డం లేకుండా మాట మాటా లోపలికి దిగుతోంది. జన్మలో మొదటిసారి. ఆ ఆనందం నాలుగు వరసలు కూడా నిలవలేదు.

"ఏమక్కా, చేతిరాత అర్థం కావట్లేదా?"

"అవుతోంది."

పిల్ల చెప్పిందే తనూ చెప్పొచ్చు. పట్టుకునేవాళ్ళు లేరు. బెగిమాయ్ సెలవులో ఉంది, తెల్లావిడ కొండెక్కేసింది. ఆ కలం అక్కడే ఆగి ఉంది. సాయిరకుల్ అక్కకు దుప్పట్ల గది గుర్తొచ్చింది, దాని చెమ్మవాసన గుర్తొచ్చింది. ఒక గుక్క టీ తాగింది. ముప్పైయొక్క ఏళ్ళు తర్జుమాలో ఒక్క మాట కలిపినా, ఒక్క మాట మింగినా పిల్లల చెవులు మెలేసింది ఆవిడే. తనకు నిజంగా వచ్చింది ఈ ఒక్కటే. దీన్ని కూడా పాడుచేసుకుంటే తను ఇంగ్లీషు టీచరని చెప్పుకోవడానికి తనకే ఏమీ మిగలదు.

"రాసుకో బాబూ," అంది. నింపాదిగా, వాక్యం తర్వాత వాక్యం చెప్పింది. "'మీ భూగోళం టీచరమ్మకు మా దేశం నదులు నాకంటే బాగా తెలుసు. నా కోసం శ్రమపడి కొన్ని ఇంగ్లీషు వాక్యాలు కంఠతా పట్టి మరీ చెప్పారు, నా మనసు కరిగిపోయింది. మీరు భూగోళం టీచరేనా అని అడిగితే అవునన్నారు. మీ ఇంగ్లీషు టీచర్ని కలవాలని ఎంతో అనుకున్నాను, ఆమె ఎక్కడున్నారో ఎవరూ చెప్పలేకపోయారు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయికి ఇంగ్లీషు నేర్పిందెవరో గాని, ఆమెకు నా నమస్కారాలు చెప్పండి.'"

డైరెక్టరు టీ గిన్నె కింద పెట్టేశాడు. ఇన్‌స్పెక్టరు కలం కదల్లేదు.

"అదేంటక్కా? ఆ పిల్ల వేరేగా చెప్పిందే!"

"అది నామీద జాలిపడింది. ఆ తర్జుమాకి నేనైతే రెండు మార్కులే వేస్తాను."

"అక్కా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన మంచివాడే, కళ్ళెత్తలేకపోయాడు. "ఒక్కసారి మళ్ళీ చూడండి. ఎక్కడో పొరబడి ఉంటారు. పొరబడ్డానని మీరంటే నేను వేరేగా రాసుకుంటాను."

సాయిరకుల్ అక్క మళ్ళీ చూసింది. మొదటి మాట నుంచి చివరి మాటదాకా వేలుపెట్టి చదివింది.

"లేదు బాబూ," అంది. "ఒక్క మాట కూడా పొరబడలేదు."

ఇన్‌స్పెక్టరు ఆవిడ పేరున్న కాయితం పక్కన పెట్టాడు. తర్వాత బెగిమాయ్ పేరున్న కాయితం ముందుకు లాక్కుని, అక్కనే తారీకు అడిగి రాసుకున్నాడు.