తాత ఎదుట అనకూడని పేరు

సోమవారం పొద్దున పదింటికి బోటనీ లెక్చరర్ సిద్దిరాములు సార్ స్వయంగా వచ్చి చూస్తానన్నారు. నిఖిత నాటుమందు మొక్కల ప్రాజెక్టు ఫారంలో అన్నీ నిండాయి, 'మొక్క పేరు' ఒక్కటే ఖాళీ. దానికే ఇరవై మార్కులు! ఇంటర్నెట్‌లో దొరికే పేరు చెల్లదు, ఊళ్లో జనం పిలిచే పేరే కావాలి. ఆ ఇరవై రాకపోతే బోటనీ ఫెయిలే.

మందిచ్చేది పరాయివాడా అంటే అదీ కాదు, సొంత తాత. గోదావరిఖని బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన ఇస్తారి. చెయ్యి తెగినా కాలు గీరుకున్నా కాలనీ అంతా ఆయన గడపకే వస్తుంది. ఆయన అటు తిరిగి, ఏదో ఆకు అరచేతిలో నలిపి, పసరు పిండి గుడ్డ కడతాడు. అంతే.

"తాతా, పేరొక్కటి చెప్పవా, ప్లీజ్!"

"పేరు తీస్తే చేతివాసి పోతది బిడ్డా. నేను తీసినా అంతే, నా చెవుల వడ్డా అంతే. మా అవ్వ ఒట్టేయించుకున్నది."

కాలనీలో ఎవరినడిగినా ఒకటే పాట: "మాకేమెర్క? మీ తాతనే అడుగు." పక్క క్వార్టర్ ఏలియా, ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే మనిషి, ఆకాశం వైపు చూస్తూ మరీ తెలియదన్నాడు.

ఇక లాభం లేదని శనివారం నిఖిత చాకుతో కావాలనే వేలు కోసుకుంది. కొంచెమే అనుకుంది, బాగానే తెగింది. తాత కట్టు కట్టి లోపలికి పోగానే విప్పి, ఆ పచ్చటి ముద్దను ఫొటో తీసి మొక్కల యాప్‌లో పెట్టింది. యాప్ క్షణం కూడా తడుముకోలేదు. పాలకూర, అంది.

వెనకాల అమ్మమ్మ రాజక్క పకపకా నవ్వింది. "గా ఆకు కోసమా వేలు కోసుకున్నవ్? నీ చదువు సల్లగుండ! రా."

నల్లా పక్కన, నిఖిత రోజూ నిలబడి పళ్లు తోముకునే చోట, పొడుగాటి కాడల మీద చిన్న పసుపు పూలు.

"గిదే. పలకాకు. మా చిన్నప్పుడు గీ పసరుతోటే పలకలు తుడిసేది. ముసలోనికి కండ్లు మసకైనంక నేనే తెంపి ఇస్తున్న."

"నీకు తెలుసా!"

"నాకేంది, కాలనీకంతా ఎర్కే."

"మరి వాళ్లే కట్టుకోవచ్చుగా?"

"కట్టుకుంటరు. గాయం మానినా మనసున వట్టది. మళ్ల ముసలోని కాడికే వస్తరు. ఆయన చెవుల పడకుంటే సాలు."

సోమవారం సార్ వచ్చేసరికి ఏలియా కూడా ఉన్నాడు. రేకు గీసుకుని, రక్తం కారుతున్న బొటనవేలు ఇస్తారి చేతిలో పెట్టి కూర్చున్నాడు. సార్‌కు ఏదైనా పైకి చదివే అలవాటు.

"మందు ఇచ్చేవారు, ఇస్తారి. వాడకం, గాయాలకు. మొక్క పేరు, ప..."

నిఖిత ఫారం లాగేసుకుంది. ఏలియా కళ్లు ఆమె మీదే ఉన్నాయి. లోపల అమ్మమ్మ చేటలో బియ్యం చప్పుడు ఆగిపోయింది.

"అది తప్పు సార్. ఊరికే రాశాను. పేరు... తెలియలేదు."

"రెండు నెలలు తిరిగి తెలియలేదా?" సార్ అక్కడికక్కడే ఫోన్ తీసి సున్నా ఎక్కించేశారు. ఇక మార్చడానికి కూడా లేదు.

"ఏం చదువులు సార్ గివి?" అన్నాడు ఇస్తారి, ఆకు నలుపుతూ. "ఇంటెన్క మొలిచిన ఆకు పోరికి ఎర్కలేకపాయె!"

పసరు పడగానే ఏలియా కళ్లు మూసుకున్నాడు. "స్తోత్రం! సల్లగైంది ఇస్తారన్నా."

సార్ వెళ్లాక తాత మనవరాలి తల నిమిరి, గొంతు బాగా తగ్గించాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నేను పోయేముందల నీ ఒక్కదాని చెవులనే చెప్త. ఇంకెవ్వలకు తెల్వనియ్యకు."

"సరే తాతా," అంది నిఖిత.

వాకిట్లో ఏలియా మళ్లీ ఆకాశం వైపు చూశాడు.