వర్జ్యమున గౌతమి దాటిన పేరిందేవమ్మ

భాద్రపదమాసమున నొక ప్రాతఃకాలము. రాత్రియెల్ల కురిసి యలసిన మేఘమండలము తూర్పుదిక్కున నించుక విచ్చిపోగా నందుండి జారిన బాలభానుకిరణములు గైరికవర్ణజలపూరితయై యుభయతీరముల నొరసికొనుచు బ్రవహించు గౌతమీనదిమీద బసుపునీళ్లు చల్లినట్లు మెరయుచుండెను. నడియేటనున్న తుమ్మెదలంక రేవున నూకయ్య పడవ త్రాటికి గట్టబడి యూగుచుండెను. ఆ పడవను దనయింటి యరుగుమీదనుండి యిరువదిరెండేండ్లుగా జూచుచు నొక్కనాడైనను దానిలో గాలు పెట్టని యిల్లాలు పేరిందేవమ్మ.

మెట్టసీమలో బుట్టి బావినీటికంటె నెక్కుడు నీరెరుగని యామె వేసవిని నదీపాయ యెండినపుడు బండిమీద గాపురమునకు వచ్చెను. ఆవలియొడ్డునకు బోవలసినచో మరల వేసవి రావలసినదే. పడవ పేరు చెప్పినంతనే గుండె దడదడ కొట్టుకొనును. భయమని చెప్పుకొనుటకు సిగ్గు. కావున బంచాంగము నాశ్రయించెను. నేడు వారశూల యనును. రేపు వర్జ్యమనును. ఎల్లుండి తారాబలము చాలదనును. ఔరా! నెపములు వెదకి వెదకి యామె సంపాదించిన పాండిత్యము పురోహితునకైన లేకపోయెను. ఊరి స్త్రీలు ప్రయాణమునకు మంచిగడియ యడుగ నామెకడకే వచ్చుచుండిరి. భర్త సూర్యప్రకాశముగారు సంగతి యెరింగియు నవ్వుకొని యూరకుండువారు.

ఆ యుదయమున నావలియొడ్డునుండి కబురు వచ్చెను. అచట నత్తవారింటనున్న యేకపుత్రిక సూరాంబ తెల్లవారుజామునుండి తొలికాన్పు నొప్పులు పడుచున్నదట. మిక్కిలి నీరసించినదట. అమ్మ యనుమాట తప్ప వేరొకమాట లేదట. ఏడవమాసమున దల్లి వెళ్లి బిడ్డను బుట్టినింటికి దోడితెచ్చుట యాచారము. మంచిదినము లేదు లేదని పేరిందేవమ్మ జాగు చేయుచుండగానే వరద వచ్చిపడినది.

ఆమె యలవాటుచొప్పున బంచాంగము చేతబట్టెను. ఈసారి నెపము వెదకబనిలేదు. నిజముగానే వర్జ్యము. దానివెంటనే దుర్ముహూర్తము. మధ్యాహ్నముదాక గదలరాదు. తాను వెళ్లివచ్చెదనని భర్త యుత్తరీయము దీసికొనెను. ఆ మాట వినగానే తనగుండె కుదుటబడుట పేరిందేవమ్మ కనిపెట్టెను. కూతురక్కడ ప్రాణములుగ్గబట్టుకొని యుండగా నాకు వర్జ్యము దొరకెనని సంతోషమా యని తన్ను దాను రోసికొనెను. మరుక్షణమే పంచాంగమటకమీద బడవైచి భర్తకంటె ముందు రేవునకు నడచెను.

నీళ్లకు వచ్చిన స్త్రీలు బిందెలు దింపి నోళ్లు తెరచి చూచిరి. నూకయ్య తలపాగ సవరించుకొనెను.

"వర్జ్యం నడుత్తందని పంతులుగారు ఇందాకే చెప్పేరండి అమ్మగోరూ. తవరే ఇట్టా వచ్చేరేంటండీ?"

పేరిందేవమ్మ యందరును వినునట్లు బదులుచెప్పెను.

"ఇన్నేండ్లు నేను వర్జ్యమునకు వెరవలేదు నూకయ్యా. ఈ యేటికి వెరచితిని. ఇప్పుడును వెరచుచునే యున్నాను. పడవ విప్పుము."

పడవలో గాలు మోపెను. అడ్డబల్లను రెండుచేతులతో బట్టుకొని కూర్చుండెను. కన్నులు మూసికొమ్మని భర్త మెల్లగా జెప్పెను గాని యామె మూయలేదు. నడియేట సుడి తగిలి పడవ గిరుక్కున దిరిగినపు డామె నోట వచ్చినది దేవునిపేరు కాదు. సూరాంబా యని పిలిచెను. నూకయ్య తెడ్డు బలముగ వైచి పడవ నిలువరించెను. కొంతసేపటికి దరి వచ్చెను.

తల్లిచేయి చేతికందినపిమ్మట సూరాంబ మరల బలము దెచ్చుకొనెను. మధ్యాహ్నమునకు ముందే యాడుశిశువు జన్మించెను. ఎట్టి సుముహూర్తమున బయలుదేరితిరో వదినగారూ యని వియ్యపురాలు మెచ్చుకొనగా వర్జ్యముననే యని పేరిందేవమ్మ దాచక చెప్పెను.

పురుడు వెళ్లినపిమ్మట నదే పడవలో లంకకు మరలివచ్చెను. అడ్డబల్లను మునుపటివలెనే రెండుచేతులతో బట్టుకొని కూర్చుండెను. మరునాడు పొరుగింటి క్రొత్తకోడలు ప్రయాణమునకు మంచిగడియ యడుగవచ్చెను. పేరిందేవమ్మ యటకవైపు చూడనైన జూడక యామె ముఖమునే చూచెను.

"పడవన్న నీకు భయమా తల్లీ?"

ఆ చిన్నది తలవంచుకొని యవుననెను.

"అట్లయిన రమ్ము. నేనును భయపడుచు నీ ప్రక్కనే కూర్చుందును."