మెత్తబడిన చెయ్యి

చెల్లెలు, ద్రవంగా పోస్తే గాజులా గట్టిపడే ఎపాక్సీ రెజిన్‌తో బొమ్మలూ బల్లల పైపలకలూ పోతపోస్తుంది. బావ బతికున్న రోజుల్లో సరదాకి ఆయన కుడిచేతికి అచ్చు తీసి దాచింది. ఆయన పోయాక, అక్క అడిగితే అందులో చెయ్యి పోసిచ్చింది. అరచెయ్యి పైకి, వేళ్లు బారజాపి ఉన్న చెయ్యి.

అది బల్ల మీంచి జారిపడి, బొటనవేలు గాజుముక్కలా పుటుక్కున విరిగింది. అక్క మళ్లీ మొదటినుంచీ ఏడ్చింది.

“ఈసారి విరగనిది పొయ్యవే,” అంది.

“ప్లాస్టిసైజర్ కలుపుతాను. రెజిన్‌కి కాస్త సాగే గుణం వస్తుంది, కిందపడినా విరగదు. కాకపోతే బిగువు తగ్గుతుంది, కొద్దిపాటి వేడికే మెత్తబడుతుంది. ఎండ తగలనీకు.”

అక్క ఏడుపు చూడలేక, కలపాల్సినదానికన్నా ఎక్కువే కలిపింది.

ఎండలు ముదిరాక అక్క ఫోన్ చేసింది. “చేతికి చెమట పడుతోందే.”

“చెమట కాదక్కా, ఎక్కువైన ప్లాస్టిసైజర్ పైకి ఊరుతోంది. గుడ్డతో తుడువు.”

“వేళ్లు కూడా ముడుచుకుంటున్నాయి.”

“బావ బతికుండగా మాత్రం ఒక్కచోట కుదురుగా ఉన్నాడా ఏంటి?” అని నవ్వేసింది గానీ, ఫోన్ పెట్టాక ఆలోచనలో పడింది. మెత్తబడితే వేళ్లు తమ బరువుకు కిందికి వాలాలి. పైకి ముడుచుకోవడమేంటి?

మర్నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి అక్క కిటికీ పక్క బల్ల దగ్గర కదలకుండా కూర్చుని ఉంది. ఆ రెజిన్ చేతి వేళ్లు ఆమె మణికట్టు చుట్టూ బిగుసుకుని ఉన్నాయి.

“తుడుస్తూ తుడుస్తూ కునుకు తీశాను. లేచేసరికి ఇలా ఉంది.” అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. “వదులవుతుందని చన్నీళ్లు పోశాను. ఇంకా బిగిసింది.”

“చల్లబడితే గట్టిపడుతుందక్కా. కదలకు.”

వేడినీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి, వేళ్లను ఒక్కొక్కటే విప్పింది. వేడి తగిలితే పోత తన మొదటి ఆకారానికే, అంటే చాచిన చెయ్యిగానే తిరిగిరావాలి. ఇక్కడేమో విప్పిన ప్రతి వేలూ మెల్లగా మళ్లీ వంగుతోంది. చివరికి చెల్లెలు వేళ్లను లాగి పట్టుకుంటే అక్క తన చెయ్యి బయటికి లాక్కుంది. మణికట్టు మీద ఎర్రగా నాలుగు గుర్తులు.



“నేను పుట్టింటికి బయల్దేరితే ఇలాగే పట్టుకునేవారు,” అంది అక్క, మణికట్టు రుద్దుకుంటూ. “దీన్ని తీసుకుపో. విరిగేదే పోసియ్యి.”

చెల్లెలు ఏమీ కలపకుండా ఇంకో చెయ్యి పోసిచ్చింది. అది అక్క ఇంట్లో అలమరలో నిశ్చలంగా ఉంది. మెత్తటిదాన్ని కోసి పారెయ్యడానికి మనసొప్పక వర్క్‌షాపు ఫ్రిజ్‌లో పెట్టింది. చలికి అది రాయిలా ఉంటోంది. కరెంటు పోయినప్పుడు మాత్రం చెల్లెలు చేస్తున్న పని వదిలేసి, అది మళ్లీ వచ్చేదాకా ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి నిలబడుతుంది.