అక్క కొట్టుకు తాళం

మా టోంగా దీవుల్లో అక్క ఉన్న గదిలో తమ్ముడు కూర్చోడు. తమ్ముడు వస్తే అక్క లేచి వెళ్ళిపోతుంది. ఆ మర్యాదే మా వదిన కొట్టును ముంచింది. నా కోపం ఎవరిమీద చూపించమంటారు?

మా ఆయన సైమోనే పన్నుల ఆఫీసు ఉద్యోగి. మా దీవి మొత్తానికీ ఆయనొక్కడే. ఆయన అక్క తెలేసియాకు రేవు దగ్గర కొట్టుంది. భర్త సముద్రంలో పోయాక ఆవిడకు లోకమంతా ఆ కొట్టే.

అమ్మకాలమీద పన్ను కొత్తగా వచ్చినప్పుడు కొట్లవాళ్ళందరినీ ఊరి హాల్లో కూర్చోబెట్టి చెప్పమని మా ఆయన్ని పంపారు. ఆయన గుమ్మంలో కనిపించగానే మా వదిన కూర్చున్న చాప చుట్టుకుని చక్కా లేచి వెళ్ళిపోయింది. ఎంత మర్యాదస్తురాలని ఊరంతా మెచ్చుకుంది. మిగతావాళ్ళందరూ పాఠం విన్నారు. తర్వాతైనా ఆవిడకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. పన్నులాయన అక్కకే పన్ను గురించి చెప్పే మొనగాడెవడు?

సర్కారు వాటా పక్కన పెట్టాలని మాత్రం ఆవిడ చెవిన పడింది. పాపం, పెట్టింది. చర్చిలో ఏడాది కానుకలు చదివే రోజు అదంతా తీసుకెళ్ళి బల్లమీద పెట్టేసింది. మరుసటి ఏడూ అంతే. పాస్టరుగారు ఆవిడ పేరు గట్టిగా చదివితే చప్పట్లు మోగిపోయాయి.

నోటీసులొచ్చాయి. మధ్యవర్తిని నేనే కదా, పరుగెత్తాను.

"వదినా, సర్కారుది సర్కారుకే కట్టాలట!"

"కట్టానుగా పిసిలా! ఊరంతా విన్నది. మీ ఆఫీసువాళ్ళు చర్చికి రారేమిటే?"

"అది దేవుడికి వదినా."

"దేవుడికి ముట్టినా సర్కారుకి ముట్టలేదంటావా? పోవే, పోయి వాడికి ఏదైనా వండిపెట్టు. చిక్కి సగమైపోయాడు."

నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అంతకు మించి విడమరచి చెప్పడానికి నాకు మాత్రం ఏం తెలుసు?

మా ఆయన గడువు అడిగాడు, మళ్ళీ అడిగాడు. వేరేవాళ్ళను పంపమని బతిమాలాడు. చివరికి కొట్టు మూయమనే ఉత్తర్వు ఆయన చేతికే వచ్చింది. అక్క వద్దంటే తమ్ముడు ఆ మాట జవదాటడు. ఆవిడ ఆ ఒక్క మాట అంటే కొట్టు నిలుస్తుంది, మా ఆయన ఉద్యోగం ఊడుతుంది.

మర్నాడు పొద్దున్నే ఆయన, మా దగ్గర పెద్దలకు గౌరవంగా కట్టుకున్నట్టు, నడుముకు చాప కట్టుకుని వెళ్ళి కొట్టు మెట్టుమీద కూర్చున్నాడు. ఆవిడ లోపలి గదిలోకి తప్పుకుంది. మధ్యలో చెక్కగోడ. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నా వంక చూస్తూ, గోడ అవతలికి వినబడేలా గొంతు పెంచి మొదలుపెట్టాడు.

"పిసిలా, నువ్వు మాంసం డబ్బా కొన్నావనుకో."

"నేనెందుకు కొంటాను? వదిన ఊరికే ఇస్తుంది" అన్నాను కంగారులో.

ఆయన నవ్వలేదు. "ఆ ధరలో కొంత సర్కారుది. కొన్నప్పుడే నువ్వు కట్టేశావు. దాన్ని అప్పజెప్పమని కొట్టువాళ్ళ చేతిలో పెట్టావు, అంతే. అది వాళ్ళ సొమ్ము కాదు. దేవుడికైనా సరే, వాళ్ళ పేరుమీద ఇవ్వకూడదు. జబ్బు చేసినవాళ్ళను తీసుకెళ్ళే పడవకు నూనె దాంతోనే పోస్తారు."

గోడ వెనకనుంచి వదిన పిలిచింది.

"పిసిలా, ఇలా రా." వెళ్ళాను. "ఊళ్ళోవాళ్ళ సొమ్ముతో నా పేరు చదివించుకున్నానా? అయ్యో తల్లీ! ఈ ముక్క నాకెవరూ చెప్పలేదేమే?"

ఇక తాళం వద్దని అనేస్తుందనుకున్నాను. ఆవిడ లేచి ముందు తలుపు లోపలినుంచి గడియ పెట్టింది. నన్ను వెనక గుమ్మంలోంచి బయటికి తీసుకొచ్చి, తనే తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"వాడి చేత వేయించొద్దు. అక్క కొట్టు మూసినవాడని రేపు ఎవరూ వాణ్ణి అనకూడదు" అంది. వట్టి చేతులతో ఇసుకలో నడిచి వెళ్ళిపోయింది.

నేను చుట్టు తిరిగి వచ్చి తాళంచెవి మా ఆయనకిచ్చాను.

"వద్దనలేదా?" అన్నాడు.

"లేదయ్యా."

"ఒక్క మాట అనుంటే బాగుండేది, పిసిలా. ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేసేవాణ్ణి" అని మా ఆయన ఆ మెట్టుమీదే కూర్చుని ఏడ్చాడు.