కందకం గట్టున అన్నం

సింగపూర్‌లోని టాంపినీస్‌లో ఇంటర్నెట్ కేబుల్ కోసం తవ్విన కందకం కూలింది. మల్లికార్జునరావు నడుము దాకా మట్టిలో కూరుకుపోయాడు. సూపర్‌వైజర్ యోగేశ్వరన్ పరుగున వచ్చి ముందు కేబుల్‌ని చూశాడు. తెగలేదని తేలాకే మనిషిని లాగమన్నాడు. గంట తిరక్కుండా మిగతావాళ్లను అదే గోతిలోకి దిగమన్నాడు. మట్టి జారకుండా రెండు పక్కలా చెక్కలు కొట్టించమని తోటి కూలీ ఇబ్రాహీం అడిగితే, పైన ఫ్లాట్లలో కంప్యూటర్ వాళ్లు అందాకా ఆగరన్నాడు.

మధ్యాహ్నం అన్నం పొట్లాలు విప్పుకుని అందరూ ఇబ్రాహీం చుట్టూ చేరారు. ఫ్లాట్లలో ఎవరో పారేసిన చరిత్ర పుస్తకం అతని ఒళ్లో ఉంది. అమెరికాలో కొండలు తొలిచి రైలు పట్టాలు వేసిన చైనా కూలీల సంగతి చెప్పాడు. వేలమంది ఒక్కసారిగా పనిముట్లు దించారట. కంపెనీ తిండి బళ్లు ఆపేసింది. ఎనిమిది రోజులకు ఆకలే వాళ్లను మళ్లీ పనిలోకి తోలింది. రైళ్లు తిరిగాక, చైనా కూలీ ఇక ఆ దేశంలో అడుగు పెట్టకూడదని చట్టం చేశారు.

"మన పర్మిట్ లెక్కనే, పని అయినంక పొమ్మనుడే," అన్నారెవరో. చెక్కలు వచ్చేదాకా శుక్రవారం నుంచి పార పట్టొద్దని అక్కడే అనుకున్నారు.

దూరంగా కూర్చున్న సీతారాములుకు కడుపు మండింది. ఇబ్రాహీం రాకముందు ఈ జనమంతా తన చుట్టూ కూర్చునేవాళ్లు. ఆదివారం ఫోన్ దగ్గర వరసలో ఇబ్రాహీం కోసం చోటు పట్టేదీ తనే. తనకు ఫోన్ చెయ్యడానికి మనిషి లేదు. భార్య నాగమల్లేశ్వరి పోయి మూడేళ్లు. ఇబ్రాహీం భార్య షహర్ బానో నవ్వు రిసీవర్ దాటి వినపడేది. ఆ నవ్వును సీతారాములు ఏనాడూ క్షమించలేదు.

గురువారం పని ఆపే సంగతి యోగేశ్వరన్ చెవిన వేశాడు.

శుక్రవారం పొద్దున్నే పర్మిట్ రద్దు చేసి ఇబ్రాహీంను చేతిసంచీతో ఎయిర్‌పోర్టుకు తోలారు. అయినా పారలు కిందపడ్డాయి. మధ్యాహ్నం రోజూ అన్నం తెచ్చే లారీ వచ్చింది. పొట్లాలు లేవు.

"గోతిలోకి దిగితేనే మకాన్, తిండి," అన్నాడు యోగేశ్వరన్. "ఇబ్రాహీం పేరు చెప్పింది మీ సీతారాములు అంకులే. ఇంక ఎవర్ని నమ్ముకుంటారు?"

ఎవరూ సీతారాములును కొట్టలేదు. మల్లికార్జునరావు మాత్రం అన్నాడు: "నన్ను మట్టిలకెల్లి తీసింది ఇబ్రాహీం చేతులే గదనే."

సీతారాములు లేచి హాకర్ సెంటర్‌లో గౌరమ్మ అన్నం కొట్టుకు పోయాడు. ఆమె మలేషియాలో పుట్టిన తెలుగు మనిషి. చేసిందంతా దాచకుండా చెప్పాడు.

"నీకయితే గంజి కూడా పొయ్యను," అందామె. "వాళ్లకు వండతా. అన్నం అండా నువ్వే మొయ్యాల."

రోజూ మోశాడు. వడ్డించాడు. నువ్వూ తినమని ఎవరూ అనలేదు. అందరూ లేచాక అడుగు గీకి తినేవాడు. తింటున్నంతసేపూ వాళ్లు ఇబ్రాహీం గురించే మాట్లాడుకునేవాళ్లు. అప్పుడూ మండేది. గరిటె మాత్రం ఆపలేదు.

నాలుగో రోజు యోగేశ్వరన్ పోలీసు వ్యాన్‌తో వచ్చాడు. ఎన్నాళ్లిలా అని అడిగాడు.

"ఆ చైనోళ్లు అన్నం లేకనే ఎనిమిది రోజులు ఆగిండ్రు," అన్నాడు సీతారాములు. "మాకు అన్నమున్నది. చెక్కలు తే. ఇబ్రాహీంను తే."

అతన్ని వ్యాన్ ఎక్కించారు. ఎక్కుతూ వెనక్కి చూశాడు. ఎవరూ చెయ్యి ఊపలేదు. మల్లికార్జునరావు కుంటుకుంటూ అండా దగ్గరికి వచ్చి గరిటె అందుకున్నాడు.

వరస కదిలింది.