ఖుద్దూస్ గీకిన పెట్టె

లక్క పాలిష్‌లో ముంచిన గుడ్డను పిండి, ఖుద్దూస్ మళ్లీ పెట్టె మీదికి వంగాడు. కువైట్‌లో దజీజ్ అనే పేటలోని ఆ షెడ్డులో పాత సామాను బాగుచేయడం అతని పని. గోళ్లు ఎప్పుడో గోధుమరంగుకు తిరిగాయి. స్పిరిట్ వాసనకు దగ్గు వదలదు.

ఈ మనిషే తెలుగు వారపత్రికలో పాతకాలపు కుర్చీల గురించీ, ఇంటి అలంకరణ గురించీ వ్యాసాలు రాస్తాడంటే ఎవరు నమ్ముతారు? ఎనభైల్లో అలాంటివి రాసేవాళ్లే అరుదు. మంచం ఎటు వేస్తే గాలి తగులుతుందో లోకానికంతా చెప్పే ఈయనగారికి కువైట్‌లో దక్కింది ఎనిమిది మంది గదిలో కింది మంచం. రాయచోటిలో భార్య షహర్‌బాను మాత్రం ఆయన రాసినట్టే ఇల్లు సర్దుకుని, ఒక్కసారి వచ్చి చూడమని ఏళ్ల తరబడి అడుగుతోంది. ఇప్పుడామె ఆసుపత్రిలో ఉంది.

పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇప్పించిన అరబ్బు యజమాని దగ్గర ఉంది. తన తల్లి పెళ్లినాటి టేకు పెట్టెకు పాలిష్ పూర్తిచేస్తే ఇస్తానన్నాడు. అందుకే ఈ తొందర. పాత చెక్కను ముందు తేరిపార చూడండి, గీకకండి అని ఎన్నిసార్లు రాశాడో! పొద్దున తనే ఉప్పుకాగితం పట్టాడు. మూత లోపల ఎర్రటి మరక కనబడితే మురికనుకుని గీకేశాడు.

మధ్యాహ్నం కఫీల్ తల్లి వచ్చింది. మూతెత్తి లోపల తడిమి చూసింది. నా పెళ్లిరోజు మా అమ్మ వేసిన గోరింటాకు చేతి అచ్చు ఏదని అడిగింది. ఖుద్దూస్ ఉప్పుకాగితం తీసి చూపించాడు. భార్యను చూడాలన్న ఆత్రంలో పాపం చేశానని వచ్చీరాని అరబ్బీలో ఒప్పుకున్నాడు. ముసలామె తిట్టలేదు. చాలాసేపు ఏడ్చి, పాస్‌పోర్టు ఇచ్చేయమని కొడుక్కి గట్టిగా చెప్పింది.

అది చేతికందేసరికి, పక్క కిరాణా కొట్లో పనిచేసే మస్తాన్ వలి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే గది. ఊరి నుంచి కొట్టుకు ఫోనొచ్చిందట.

"వదిన పోయిందంటన్నా," అన్నాడు. "పొద్దున్నేనంట."

ఖుద్దూస్ చేతిలోని పాస్‌పోర్టు వంక చూశాడు.

"మట్టి చెయ్యకుండా ఆపమని చెప్పప్పా. మొగం చూస్తా."

"ఎండలు గదన్నా. సాయంత్రం అసర్ నమాజుకే చేస్తారంట."

అయినా ఆ సాయంత్రమే చేతిసంచితో బయల్దేరాడు. మళ్లీ రాలేదు. వ్యాసాలూ రాయలేదు.

మర్నాడు గది ఊడుస్తూ మస్తాన్ వలి అతని మంచం కింద చూశాడు. షహర్‌బానుకు మోకాళ్లు వంగవు. నమాజుకు ముందు ఆమె కూర్చుని కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకోవడానికి, అమ్ఘరా తుక్కు బజారులో ఏరిన టేకు ముక్కలతో చేసిన పీట అక్కడుంది, కాళ్లు కాస్త ఎత్తుగా, అంచులు గుచ్చుకోకుండా గుండ్రంగా.